దారి తెలిసిన పిల్లి

సముద్రానికి దగ్గరగా ఉన్న సాలిపేటలో మార్కండేయులు అనే నేతగాడు ఉండేవాడు. చీర నేయడంలో ఎంత నేర్పరో, నోరు తెరిచి ఒకరిని సాయం అడగడంలో అంత మొండివాడు.

ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీద నిలువుగా సాగే పోగులను పడుగు అంటారు. పడుగుకు గంజి పెట్టే రోజున ఆ నూలును తెల్లవారగానే వీధి పొడుగునా చాపుతారు. అటు నలుగురు, ఇటు నలుగురు నిలబడి కుంచెలతో గంజి దువ్వుతారు. తెగిన పోగు ఎవరి చేతికి అందితే వారు అతుకుతారు. గంజి ఆరేలోగా ఏ పోగుకా పోగు విడివడి ఉండాలి. లేకపోతే అవన్నీ ఒకదానికొకటి అంటుకుని చాప ముక్కలా బిగుసుకుపోతాయి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఈ రోజు నీ పడుగు, రేపు నా పడుగు అనుకుంటూ అందరూ అందరికీ చేసిపెట్టేవారు.

మార్కండేయులు మాత్రం ఎవరినీ పిలిచేవాడు కాదు. పడుగును పొట్టిగా కట్టుకుని, ఒక కొసన భార్య నాంచారమ్మను నిలబెట్టి, తానే అటూ ఇటూ పరుగెత్తుతూ గంజి దువ్వేవాడు.

"ఒకసారి పిలిచామంటే చాలు, మేం లేకపోతే నీకు చీర ఎక్కడిది అని జీవితాంతం అంటారు. నా చేతులు నాకు చాలు" అనేవాడు.

"నీ చేతులు చాలతాయయ్యా. నా నడుమే చాలడం లేదు" అనేది నాంచారమ్మ.

ఇలా ఉండగా ఒక వానాకాలం వాళ్ళ ఇంట్లోకి ఎలుకలు దిగాయి. గంజి పట్టిన నూలు ఎలుకలకు విందు భోజనం. మగ్గం మీద సగం నేసిన పడుగును ఒకసారి కొరికేశాయి. మార్కండేయులు బోను పెట్టాడు. అవి బోనులోని కొబ్బరిముక్క తినేసి, మళ్ళీ వచ్చి రెండో పడుగును కూడా కొరికాయి.

నూలు ఇచ్చే సొసైటీ గుమాస్తా కామరాజు ఆ తెగిన పోగులను చేత్తో పైకెత్తి చూశాడు.

"మార్కండేయులూ, రెండు పడుగులు పోయాయి. కమిటీ వాళ్ళు ఒకే మాట చెప్పమన్నారు. ఈసారి ఇచ్చే నూలు చీరలై తిరిగి రావాలి. ఇది కూడా ఎలుకల పాలైతే నీ వాటా నూలు ఇంకో మగ్గానికి పోతుంది" అన్నాడు.

మార్కండేయులు ఆ తెగిన పోగులను చేతిలోకి తీసుకున్నాడు. నూలు లేకపోతే మగ్గం లేదు. పదేళ్ళ వయసు నుంచీ ఆ చేతులకు వేరే పని తెలియదు.

"ఒక పిల్లిని తెచ్చుకుందామయ్యా" అంది నాంచారమ్మ ఆ సాయంత్రం. "ఎదురింటి చెంగయ్య బాబాయి పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒక్క మాట అడిగితే ఇస్తాడు."

మార్కండేయులు ఎదురింటికి వెళ్ళాడు. అరుగు కింద గోనెపట్టా మీద నాలుగు పిల్లికూనలు పాలు తాగుతున్నాయి. చెంగయ్య చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. వయసులో పెద్దవాడు, పేటలో ఎవరి పడుగుకైనా కుంచె ముందుగా పట్టేది ఆయనే.

"ఏం అల్లుడూ, కూన కావాలా?" అన్నాడు చెంగయ్య.

కావాలి అన్న మాట మార్కండేయులు గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"నాకెందుకు మావా? ఊరికే చూద్దామని వచ్చాను. తోకలు మరీ పొట్టిగా ఉన్నాయే!"

"పిల్లులు తోకలతో ఎలుకల్ని పట్టవులే" అన్నాడు చెంగయ్య, పొగ వదులుతూ.

మార్కండేయులు వెనక్కి వచ్చేశాడు. "అడక్కుండా దొరికే చోటు చూస్తాను" అని మర్నాడు బస్సెక్కి పట్నం వెళ్ళాడు. అక్కడ కుక్కపిల్లలనీ, చిలకలనీ, రంగు చేపలనీ అమ్మే దుకాణం ఒకటి ఉంది. అద్దాల పెట్టెలో దూది బస్తాలాంటి తెల్లపిల్లి దిండు మీద పడుకుని ఉంది.

"ఇది ఎలుకల్ని పడుతుందా?" అని అడిగాడు.

దుకాణం అతను దాని మెడ కింద దువ్వుతూ నవ్వాడు. "దీనికి ఎలుక కనిపిస్తే మనమే పరుగెత్తుకొచ్చి దీన్ని కాపాడాలండీ. రోజూ తల దువ్వాలి, కళ్ళు తుడవాలి, ఉక్కపోస్తే ఫ్యాను వేయాలి."

"మా ఇంట్లో అంత సేవ నాకే జరగదు" అని మార్కండేయులు బయటికి నడిచాడు.

తిరిగి వస్తుంటే పేట చివర చేపల బజారు కనిపించింది. అరుగుల మీదా, బుట్టల మధ్యా, మెట్ల మీదా ఎక్కడ చూసినా పిల్లులే. బజారు మెట్ల దగ్గర కూర్చుని చేపలు అమ్మే పోలమ్మ వాటికి అన్నీ తానే. చేపల తలకాయలు పారేయకుండా ఒక తట్టలో పోగుచేసి, అన్ని పిల్లులకూ ఆమే పెట్టేది. చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లి కావలసినవాళ్ళు ఆమె దగ్గరికే వచ్చేవారు.

"పోలమ్మా, ఇందులో ఒక పిల్లిని పట్టుకుపోతాను" అన్నాడు మార్కండేయులు.

పోలమ్మ కత్తి పక్కన పెట్టి, అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"పట్టుకుపోవడానికి ఇదేమన్నా రాలిన కాయా? ముందు చెప్పు. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా ఆవిడా."

"ఆవిడకి ఇష్టమేనా?"

"ఆవిడే తెమ్మంది."

"పాలో, అన్నమో పెడతారా?"

"ఇల్లంతా ఎలుకలుంటే ఇంకా అన్నమెందుకు?"

"ఓహో! పనికి పెట్టుకుని, తిండి దాన్నే తెచ్చుకోమంటావు. కోపం ఎక్కువా నీకు?"

"నాకా? నాకు కోపమేంటి?" అని అరిచాడు మార్కండేయులు. దగ్గరలో ఉన్న రెండు పిల్లులు లేచి అవతలకి పోయాయి.

పక్కన చేపలు కొంటున్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఇదేదో పెళ్ళిచూపుల్లా ఉంది" అన్నాడతను చిన్నబోయి.

"పెళ్ళిచూపులే. కాకపోతే కూర్చోవలసింది నువ్వు, చూడవలసింది అది" అంది పోలమ్మ. "నా పద్ధతి విను. రోజూ పొద్దున్నే వీటికి కడుపునిండా తలకాయలు వేస్తాను. ఆ తర్వాత నువ్వొచ్చి ఆ మెట్టు మీద కూర్చో. ఉత్త చేతులతో కూర్చోవాలి. ఆకలి లేకపోయినా నీ పక్కకు వచ్చి కూర్చున్నదేదో అది నీది. మూడు రోజులు పట్టచ్చు, పది రోజులు పట్టచ్చు."

మొదటి రోజు అతను గంటసేపు కూర్చున్నాడు. ఒక్కటీ దగ్గరికి రాలేదు. ఎడమ చెవి చిరిగిన చారల పిల్లి ఒకటి మాత్రం బుట్ట వెనక నుంచి అతన్ని చూస్తూ ఉంది. రెండో రోజు ఆ పిల్లి నాలుగు మూరల దూరం దాకా వచ్చి, వీపు అతని వైపు తిప్పి కూర్చుంది. అతను చటుక్కున చెయ్యి చాచాడు. అది బుట్ట వెనక్కి పోయింది.

"తొందరపడ్డావు" అంది పోలమ్మ.

మార్కండేయులుకు ఒళ్ళు మండింది. ఆ మర్నాడే పడుగుకు గంజి పెట్టాలి. నూలు మగ్గం ఎక్కేసరికి ఇంట్లో పిల్లి ఉండాలి. 'ఇంత నేత నేసినవాణ్ణి, ఒక పిల్లి దయ కోసం మెట్ల మీద కూర్చోవాలా? అది రాకపోతే రప్పిస్తాను' అనుకున్నాడు.

మూడో రోజు తెల్లవారుతూనే, పోలమ్మ ఒడ్డు నుంచి చేపలు తేకముందే, అతను బజారుకు వెళ్ళాడు. దోసెడు ఎండు నెత్తళ్ళు గుడ్డలో మూటగట్టి మొలలో దోపుకున్నాడు. నాలుగు చేపలు నలిపి పంచె అంచుకు బాగా రుద్దుకున్నాడు. మెట్టు మీద ఇంకా కూర్చోనేలేదు, పదిహేను పిల్లులు చుట్టూ మూగాయి. ఒకటి మోకాలి మీదికి ఎక్కింది. ఒకటి పంచె నాకింది. బొగ్గులాంటి నల్ల గండుపిల్లి మిగిలినవాటిని తోసుకుంటూ వచ్చి అతని ఒళ్ళో కూర్చుంది.

"చూశావా! మూడు రోజుల పని మూడు నిమిషాల్లో అయింది" అని తనకు తానే చెప్పుకుని, మార్కండేయులు ఆ గండుపిల్లిని సంచిలో వేశాడు. వెనక్కి వెళ్ళే దారి గుర్తుండకూడదని సంచిని మూడుసార్లు గిరగిరా తిప్పాడు. ఇంటిదారి పట్టాడు.

వీధిలో నాంచారమ్మ అప్పటికే పడుగు చాపి, గంజి కాచి ఉంచింది. ఈసారి పడుగును పొట్టి చేయడానికి వీలు లేదు. సొసైటీ వాళ్ళు కొలత వేసి ఇచ్చారు. అయినా అతను ఎవరినీ పిలవలేదు. పిల్లి మెడకు తాడు వేసి అరుగు స్తంభానికి కట్టాడు.

"ఏమయ్యా, పిల్లి అంటే ఒకటి అనుకున్నాను. వెనకాల ఆ మందేమిటి?" అంది నాంచారమ్మ.

అతను తిరిగి చూశాడు. ప్రహరీ మీద ఏడు, కాలవ పక్కన అయిదు, చెంగయ్య అరుగు మీద రెండు పిల్లులు. పెళ్ళివారి వెనక వచ్చిన చుట్టాల్లా వరసగా కూర్చుని అతన్నే చూస్తున్నాయి.

"చూడనీ. చూస్తే నూలు అరుగుతుందా?" అన్నాడతను.

ఇద్దరూ గంజి దువ్వడం మొదలుపెట్టారు. సగానికి పైగా తడిపారు. కింది వరస పోగులు దువ్వడానికి మార్కండేయులు పడుగు కిందికి బాగా వంగాడు. మొలలోని మూట జారింది. ముడి విడింది. నెత్తళ్ళు పడుగు మీదా, పడుగు కిందా చెల్లాచెదురుగా పడ్డాయి.

తర్వాత జరిగింది చెప్పడానికే కష్టం. పదిహేను పిల్లులు ఒక్కసారి దూకాయి. గండుపిల్లి తాడు తెంపుకుని అందరికంటే ముందు దూకింది. తడి పోగుల్లో గోళ్ళు చిక్కుకున్నాయి. అవి లాగాయి, గీరాయి, పెనుగులాడాయి. ఒక చేప కోసం రెండు పిల్లులు పోట్లాడుతూ పడుగు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా దొర్లాయి. మార్కండేయులు కుంచె విసిరాడు, అరిచాడు, గంతులేశాడు. నెత్తళ్ళు అయిపోయాయి. అవి అయిపోగానే పిల్లులూ వెళ్ళిపోయాయి. ఒళ్ళో కూర్చున్న గండుపిల్లి అయితే ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

వీధి పొడుగునా పడుగు చిక్కుపడి, కిందికి వేలాడుతూ ఉంది. తెగిన పోగులు లెక్కలేనన్ని. గంజి బిగుసుకోవడం మొదలైంది. ఎండ ఇంటి కప్పుల మీదికి వచ్చేసింది.

నాంచారమ్మ నేల మీద కూలబడింది. "ఇదే ఆఖరి నూలయ్యా" అంది.

మార్కండేయులు తన రెండు చేతులూ చూసుకున్నాడు. గంజితో తడిసి ఉన్నాయి. నాలుగు గడియల్లో ఆ పడుగంతా విడదీయాలంటే అలాంటి చేతులు ఇంకో ఇరవై కావాలి. అతను చెంగయ్య గడప దగ్గరికి వెళ్ళాడు. ఆ వీధి దాటడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

"మావా" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "మావా, నా వల్ల కాదు. వచ్చి సాయం పట్టండి."

చెంగయ్య అప్పటికే పంచె ఎగ్గట్టి, కుంచె పట్టుకుని గడప లోపల నిలబడి ఉన్నాడు.

"నీ కేకలు విని ఎప్పుడో లేచానురా అల్లుడూ. పిలవని పనికి వస్తే నువ్వు చిన్నబోతావని ఆగాను" అన్నాడు. వీధిలోకి వచ్చి గట్టిగా కేకేశాడు. "రండర్రా! మార్కండేయులు పిలుస్తున్నాడు!"

ఆ మాట చాలు. ప్రతి ఇంటి తలుపూ తెరుచుకుంది. పొయ్యి మీద గిన్నె దించి ఒకరు వచ్చారు. నడుస్తున్న మగ్గం ఆపి ఒకరు వచ్చారు. బిగుసుకుంటున్న చోట నీళ్ళు చిలకరించి మెత్తబరిచారు. వేళ్ళతో పోగులు విడదీశారు. తెగినవి పురిపెట్టి అతికారు. ఒక ఇంటి నుంచి కొత్త గంజి వచ్చింది. చేతులు ఎంత ఆడాయో, నోళ్ళూ అంతే ఆడాయి.

"అన్నా, ఊరేగింపు బాగుంది కానీ, బాజాలు మరిచిపోయావు!"

"వదినా, ఈ చీర కట్టుకున్నవాళ్ళ వెనక పిల్లులు పడతాయేమో!"

ఇంకొకప్పుడైతే మార్కండేయులు మండిపడేవాడు. ఆ రోజు వాళ్ళతోపాటు నవ్వాడు. నవ్వుతూనే భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి పడుగు ఆరి, బిగువుగా, ఏ పోగుకా పోగుగా నిలిచింది. ఎవరూ 'మేం లేకపోతే' అనలేదు. కుంచెలు కడుక్కుని ఎవరి ఇళ్ళకు వాళ్ళు బయలుదేరారు. అతను ఒక్కొక్కరి ముందుకూ వెళ్ళి చేతులు జోడించాడు.

"మగ్గం నిలబెట్టారు. మరిచిపోను" అన్నాడు.

మర్నాడు తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, చేపల బజారుకు వెళ్ళాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"నువ్వు చెప్పక్కర్లేదు" అంది పోలమ్మ. "నిన్న నా తట్టలో ఒక్క తలకాయ కూడా ముట్టకుండా మూతులు తుడుచుకుంటూ కూర్చున్నాయి. ఎవడో ఘనుడు విందు చేశాడని అప్పుడే తెలిసింది."

"తప్పయింది పోలమ్మా. నాకు పిల్లి కావాలి. దయచేసి ఇప్పించు."

"ఇప్పించడానికి నేనెవర్ని? మెట్టు అక్కడే ఉంది. కూర్చో."

అతను కూర్చున్నాడు. ఈసారి పిల్లుల వంక గుచ్చి గుచ్చి చూడలేదు. అలల చప్పుడు వింటూ, తన పడుగు మీద ఆడిన చేతులన్నీ తలుచుకుంటూ కూర్చున్నాడు. ఒక రోజు గడిచింది. రెండు, మూడు, నాలుగు రోజులు గడిచాయి. ఇంట్లో నాంచారమ్మ మగ్గం దగ్గర కర్ర పట్టుకుని కాపలా కాసింది. అయిదో రోజు పొద్దున అతని మోకాలికి వెచ్చగా ఏదో ఆనింది. చెవి చిరిగిన చారల పిల్లి వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడే కడుపునిండా తిన్నది. అతని దగ్గర దానికి కావలసిందేమీ లేదు. అయినా వచ్చింది.

మార్కండేయులు చెయ్యి కదపలేదు. "వచ్చావా తల్లీ" అన్నాడు మెల్లగా.

చాలాసేపటికి అతను సంచి విప్పబోయాడు. పోలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"సంచి ఎందుకు?"

"దారి తెలిస్తే తిరిగి వచ్చేస్తుంది కదా?"

"దారి తెలియక ఉండిపోయిన పిల్లి నీ ఇంట్లో ఉన్నట్టు కాదు, ఇరుక్కుపోయినట్టు. భుజం మీద వేసుకో. ప్రతి మలుపూ దాన్ని చూడనీ. ముందు కడుపు నింపు, పని సంగతి తర్వాత."

అతను అలాగే చేశాడు. నాంచారమ్మ పాలన్నం కలిపి పెట్టింది. పిల్లి తిని, ఇల్లంతా వాసన చూసి, మగ్గం గుంటలో, నేసేటప్పుడు అతను కాళ్ళు పెట్టుకునే చోట ముడుచుకుని పడుకుంది. అతను దాన్ని లేపకుండా కాళ్ళు పక్కకు ముడుచుకుని నేశాడు.

రెండో రోజు పొద్దున గుంట ఖాళీగా ఉంది. మార్కండేయులు వీధి చివరిదాకా పరుగెత్తాడు. పిల్లి చేపల బజారు మలుపు తిరుగుతూ కనిపించింది.

"పిలువయ్యా! ఏదన్నా చూపించి పిలువు!" అంది నాంచారమ్మ.

"వద్దు. దానికి దారి తెలుసు" అన్నాడతను. అలా అని వచ్చి మగ్గం ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి ఆడలేదు. పైకప్పులో ఎలుకలు గుడగుడమంటూ తిరుగుతున్నాయి. కళ్ళు మాటిమాటికీ వాకిలి వైపే పోయాయి.

ఎండెక్కాక వాకిట్లో చిన్న అలికిడయింది. పిల్లి వచ్చింది. పోలమ్మను చూసి వచ్చినట్టుంది, మూతికి పొలుసు ఒకటి అంటుకుని ఉంది. తిన్నగా లోపలికి వచ్చి, పైకప్పు వైపు చెవులు నిక్కించి, గోడెక్కింది. కాసేపటికి పైన ఒక్క కీచుమన్న చప్పుడు. మార్కండేయులు లేచి నిలబడి, కప్పు వైపు రెండు చేతులూ జోడించాడు.

ఆ తర్వాత పిల్లి రోజూ వెళ్ళేది, రోజూ వచ్చేది. వారం తిరిగేసరికి ఇంట్లో ఎలుక అలికిడి లేదు. నెల తిరిగేసరికి ఒక్క కొరుకుడు మచ్చ లేకుండా చీరలు మగ్గం దిగాయి. గుమాస్తా కామరాజు వాటిని అంచు నుంచి అంచు దాకా విప్పి చూశాడు.

"చేయి తిరిగినవాడివయ్యా! ఇంత చక్కగా ఎలా నేశావు?" అన్నాడు.

"నేను ఒక్కణ్ణే నేశానని రాసుకోకండి" అన్నాడు మార్కండేయులు. "ఇందులో చెంగయ్య మావ చేతులున్నాయి. మా వీధి మొత్తం చేతులున్నాయి. మా ఆవిడ నడుముంది. పోలమ్మ మాట ఉంది. ఒక చెవి చిరిగిన పిల్లి దయ కూడా ఉంది."

కామరాజు నవ్వి, కొత్త నూలు తూచి ఇచ్చాడు. మార్కండేయులు ఆ కట్ట భుజాన వేసుకుని తిన్నగా ఇంటికి పోలేదు. దారిలో ప్రతి గడప దగ్గరా ఆగి, "మీ పడుగు ఎప్పుడు? నన్ను పిలవండి" అని అడిగి మరీ వెళ్ళాడు.

ఎర చూపి రప్పించుకున్నది ఎర అయిపోగానే వెళ్ళిపోతుంది. నోరు తెరిచి అడిగి, ఓపికగా ఎదురుచూసి, కృతజ్ఞతతో అందుకున్నదే మనతో నిలుస్తుంది.